వాసన పోని పోతరాజు

డిగ్రీ పట్టా చేతికొచ్చి, ఉద్యోగం మాత్రం ఇంకా దారిలో ఉన్న ఆ రోజుల్లో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. నాకూ ఉండేది కాదు. అత్వెల్లిలో మా ఇంట్లో మోటారు ఆగినా, పాలు విరిగినా, పక్కింటి కోడలు అలిగినా నా అభిప్రాయం సిద్ధంగా ఉండేది (ఎవరూ అడిగేవారు కాదు, అది వేరే సంగతి). సరిగ్గా అప్పుడే శామీర్‌పేట దోస్తు ఒకడు తెల్ల కుక్కపిల్లను తెచ్చి నా చేతిలో పెట్టాడు. వాడు ఊరికే ఇస్తున్నాడంటే ఏదో ఉంటుందని నాకు తోచాల్సింది. జర్కిన్ లోపల పెట్టుకుని బండి మీద ఇల్లు చేరేసరికి ఆ ఏదో ఏమిటో తెలిసింది.

వాసన. మామూలు కుక్క వాసన కాదు. వానకు తడిసిన గోనెసంచిలో పులిసిన పెరుగు పోసి మూతి కట్టినట్టుండేది. పిల్ల మాత్రం ముద్దుగా ఉండేది. తల ఒక పక్కకు వంచి చూసేది, మాటిమాటికీ తల విదిలించేది. అది గారాబం అనుకున్నాను.

మా ఇంట్లో ముక్కుకు సంబంధించిన అధికారమంతా అవ్వది, అంటే మా నాయనమ్మది. బాపు అప్పటికే వ్యవసాయం తగ్గించి ప్లాట్ల వ్యాపారంలో పడ్డాడు. రోజంతా ఫోన్‌లో ఊరి జనాన్నంతా ఒప్పించేవాడు గానీ, తన తల్లి దగ్గర ఆయన మాట చెల్లేది కాదు. అవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే తీర్పు చెప్పింది. వచ్చే ఆదివారం ఊళ్లో బోనాలు. పోచమ్మకు బోనం వండే ఇల్లు. ఆలోపు వాసన పోతే కుక్క ఉంటుంది, పోకపోతే సోమవారం పొద్దున మా మేనమామ కోళ్ల ఫారానికి పోతుంది.

"ఆడ ఎంత వాసనొచ్చినా అడిగేటోడు లేడు," అంది.

మామ ఫారంలో కుక్కల్ని గొలుసుతో కట్టేస్తారు. మొరగడమే వాటి ఉద్యోగం. నా పిల్ల అప్పటికే నా చెప్పును దిండు చేసుకుని పడుకోవడం నేర్చుకుంది. పంపించే ప్రసక్తే లేదనుకున్నాను. పైగా డిగ్రీలో నాది కెమిస్ట్రీ. వాసన నా సబ్జెక్టు.

మొదట నా షాంపూతో స్నానం. తడి ఆరేదాకా మల్లెపూల వాసన, ఆరాక మల్లెపూలతో కలిపి పాత వాసన. తర్వాత నిమ్మకాయ. ఆపైన కొబ్బరినూనె, ఆ నూనె వదిలించడానికి శీకాయ. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, నెత్తి మీంచి చెంబులకొద్దీ నీళ్లు గుమ్మరించేవాణ్ణి. వాసన తగ్గకపోగా కండ పట్టింది. ఒకరోజు అమ్మ నా పక్కన నిలబడి, "ఏంది బిడ్డా, నువ్వు తానం జేసి ఎన్ని దినాలైంది?" అని మెల్లగా అడిగింది. నిజమే, ఆ హడావిడిలో నా వంతు రాలేదు. శుక్రవారం అవ్వ ఇంట్లో సాంబ్రాణి వేస్తుంటే పిల్లను కూడా ఆ పొగలో కాసేపు నిలబెట్టాను. అది తుమ్మింది. వాసన పొగతో సహా హాల్లోకొచ్చి సోఫాలో కూర్చుంది.  అవ్వ వెంటనే మామకు ఫోన్ చేసి, సోమవారం ట్రాలీ ఆటో ఖాళీగా ఉంటుందా అని కనుక్కుంది.

ఆదివారం పొద్దున చివరి అస్త్రం తీశాను. వేపాకు, పసుపు కలిపి ఒంటికి పట్టించి, ఆరాక కడగాలని ఫోన్‌లో ఒక వీడియో చెప్పింది. గడపలకు పూయడానికి అవ్వ కలిపిన పసుపు గిన్నె నిండా ఉంది. బోనానికి తెచ్చిన వేపమండలు గుమ్మం పక్కనే ఉన్నాయి. సామగ్రి ఇంత దగ్గరగా దొరకడం శుభసూచకమనిపించింది. పెరట్లో కూర్చోబెట్టి ముక్కు నుంచి తోకదాకా పట్టించాను. నాక్కోకుండా మెడచుట్టూ వేపమండలు కట్టాను (చేదు తగిలితే మానుకుంటుందని నా సిద్ధాంతం). అంతలో వీధిలో డప్పు మోగింది. పిల్ల నా చేతుల్లోంచి జారి గేటు దాటింది.

అప్పుడే అవ్వ బోనమెత్తుకుని బయటికొచ్చింది. బోనం నెత్తికెక్కాక గుడి చేరేదాకా ఆమె నోరు విప్పదు, ఎప్పటినుంచో అదే నియమం. కుక్కపిల్ల సరిగ్గా ఆమె ముందుకెళ్లి నిలబడింది. ఒంటినిండా పసుపు, మెడలో వేపమండలు, డప్పు దెబ్బ దెబ్బకూ తల విదిలింపు. బోనాల ముందు పసుపు పూసుకుని, వేపాకు కట్టుకుని చిందులేసే పోతరాజును ఏటేటా చూసే కళ్లకు ఇంకేం కనబడుతుంది? వీధంతా పడీపడీ నవ్వింది. ఎదురింటి పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. వంగి దాని నుదుట కుంకుమ పెట్టి, లేచి అవ్వతో అంది:

"అక్కా, మీ బోనానికి పోతరాజు మీ ఇంట్లకెంచే బయటికెల్లిండు."

అవ్వ కళ్లు చాలా అన్నాయి, నోరు మాత్రం అనలేదు. పిల్ల గుడిదాకా ఆమె ముందే నడిచింది. బోనంలోని బెల్లమన్నం వాసన దాన్ని నడిపిస్తోందని నాకు అనుమానం కలిగింది. భక్తి విషయం కదా, పైకి అనలేదు. పసుపు చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ, ఇదంతా నేను ముందే అనుకున్నట్టు వెనకాల నడిచాను.

సోమవారం పొద్దున మామ ట్రాలీ వచ్చి ఆగింది. పాత వాసన అలాగే ఉంది, పసుపు వాసన అదనం. పిల్లను ఎత్తుకుని వాకిట్లో నిలబడ్డాను. చెప్పుకోవడానికి నా దగ్గర ఒక్క సిద్ధాంతమూ మిగల్లేదు. అవ్వ బయటికొచ్చి ముందు దాన్ని, తర్వాత నన్ను, ఆ తర్వాత మామను చూసింది.

"చాయ్ తాగి పో బిడ్డా," అంది మామతో. "అమ్మోరి ముందల నడిసినోణ్ణి కోళ్లకాడికి పంపుతరా ఎవలన్న?" తర్వాత నా వైపు తిరిగి, "గని వాసన మస్తుగుంది రా. జల్దీ డాక్టరుకన్న సూపియ్యి," అంది.

మేడ్చల్‌లో పశువుల డాక్టరు పిల్ల చెవి మడత ఎత్తి చూసి, వెంటనే మొహం తిప్పుకున్నాడు. రెండు చెవుల్లోనూ చీము. ముందే ఉన్న పుండుకు నేను పూటపూటా నీళ్లు పోసి పెంచానట. ఆ తల విదిలించడం గారాబం కాదు. చుక్కల మందు రాసిచ్చి, "స్నానాలు ఇక మీరు చెయ్యండి," అన్నాడాయన. కొన్నాళ్లకు వాసన పోయింది. పసుపు రంగు మాత్రం దసరా దాకా ఉంది. పోతరాజన్న పేరు ఇప్పటికీ ఉంది.

అవ్వ ఇప్పుడు లేదు. పోతరాజు ముసలివాడయ్యాడు. నాకు ఉద్యోగమొచ్చింది, దాంతోపాటు తెలియని విషయాలూ చాలా వచ్చాయి. బోనాల పొద్దున మా ఆవిడ గడపకు పసుపు రాస్తుంటే, వాడు కాళ్లు కూడదీసుకుని లేచి, గిన్నె పక్కన కూర్చుని మెడ చాపుతాడు. నేనొక చిన్న వేపమండ కడతాను. కట్టేముందు వాడి చెవుల దగ్గర ముక్కు పెట్టి చూస్తాను. కెమిస్ట్రీలో నాకు ఇంకా గుర్తున్నది అదొక్కటే.