ఆగిన రైల్లో స్పానిష్ జపం

రాజమండ్రి దాటాక రైలు పొలాల మధ్య ఆగిపోయింది. మర్నాడు పొద్దున్నే హైదరాబాద్‌లో నాకు స్పానిష్ పరీక్ష. మొదటి పాఠంలోని క్రియలే ఇంకా నోటికి రాలేదు. కాళ్లు ఊపుతూ, కళ్లు మూసుకుని "కోమో, కోమెస్, కోమె" అని గొణుగుతున్నాను. ఆ తర్వాతది మరిచిపోయి మళ్లీ మొదటికొస్తున్నాను.

అన్నవరంలో వ్రతం చేసుకుని ఎక్కిన ఎదుటి సీటు కుటుంబం ఎందుకో గుసగుసగా మాట్లాడుకుంటోంది. ఫోన్ మోగితే కూతురు లేచి తలుపు దగ్గరికి పోయింది.

విసుగొచ్చి నేను కళ్లు తెరవగానే, వాళ్ల పెద్దావిడ అడిగింది.

"జపం అయిందా అండి?"

"జపం కాదండి, స్పానిష్. నేను తింటాను, నువ్వు తింటావు, ఆమె తింటుంది అని బట్టీ పడుతున్నాను."

ఆవిడ నుదురు కొట్టుకుంది. "అయ్యో! జపం మధ్యలో పిలవకూడదని ఇందాకట్నుంచీ ఆగానండి. మేమంతా తినేశాం కూడాను."

సంచిలోంచి నెయ్యి ఓడుతున్న ఆకు పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. సత్యనారాయణ స్వామి ప్రసాదం.

నా కళ్లు మళ్లీ నా ఫోన్‌లోని స్పానిష్ పాఠం మీదికి పోయాయి. "తర్వాత తింటానండి."

"మళ్లీ తింటానంటారేంటండీ! ముందు తినండి."