కార్డు మీద వచ్చిన షుగరు

మా అక్కకు కిడ్నీలు పాడయ్యాయి. ఒకటి నేనిస్తానన్నాను. ఇందులో త్యాగమేమీ లేదు, ఇంట్లో రక్తం గ్రూపు కలిసింది నాకొక్కదానికే. ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేశాక డాక్టరమ్మ, "అన్నీ బాగున్నాయమ్మా. షుగరు లేదు, బీపీ లేదు. బరువొక్కటే ఎక్కువ. తగ్గి రండి, అప్పుడు చూద్దాం" అన్నారు. చాలా మర్యాదగానే అన్నారు. అక్క మాత్రం, "నాకేం, ఎన్నాళ్లుంటే అన్నాళ్లు. దాన్ని ఇబ్బంది పెట్టకండి" అంది. ఎవరు ఈ మాటెత్తినా అక్క జవాబు అదే.

రాయదుర్గంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో నా ఉద్యోగం. మెట్రో దిగి ఆటో ఎక్కడం మానేసి నడవడం మొదలుపెట్టాను. మెడలో ఐడీ కార్డులు వేలాడుతున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు నన్ను దాటుకుని వెళ్లిపోయేవారు. రాత్రిళ్లు అన్నం మానేసి చపాతీలు తిన్నాను. బరువు తూచే యంత్రం ఇవేవీ పట్టించుకోలేదు. దానికి తోడు అక్క ఒకతి.

మాది కృష్ణా జిల్లా వైపు. మా ఇళ్లల్లో కంచం ముందు కూర్చున్న మనిషి చాలంటే ఎవరూ నమ్మరు. మారు వడ్డించుకోకుండా లేచారంటే వంట బాగాలేదనో, అలిగారనో అర్థం. అక్క నీళ్లు కూడా కొలుచుకుని తాగాలి, ఉప్పు జోలికి పోకూడదు. ఆ లోటంతా ఆదివారం ఆదివారం నా కంచంలో తీర్చుకునేది. బాచుపల్లిలో వాళ్లింటికి వెళ్తే చాలు, "ఒక్క గరిటేనే, నీకిష్టమని దోసకాయ పప్పు చేశాను" అంటూ పైన నెయ్యి కూడా వేసేది. నేను తగ్గితే బాగుపడేది తను. ఆ సంగతి నాకంటే తనకే బాగా తెలుసు. అయినా గరిటె ఆగేది కాదు. నాకు ఒళ్లు మండేది, తినేసేదాన్ని.

బరువు తగ్గించే ఇంజెక్షన్ గురించి ఆఫీసులో విన్నాను. వారానికొకసారి పొట్టకు పొడుచుకుంటే ఆకలి దానంతటదే చల్లారుతుందట. డాక్టర్లు ఫోన్లోనే చూసి రాసిస్తారట. బయట కొనే స్థోమత మాకు లేదు. ఉద్యోగులకు ప్రభుత్వమిచ్చిన హెల్త్ కార్డు మీద వస్తుందేమోనని మందులిచ్చే కౌంటర్లో అడిగాను. అక్కడున్నాయన నన్ను చూసి జాలిపడ్డాడు.

"సన్నబడనీకైతే కార్డు మీద రాదు మేడమ్. షుగర్ ఉన్నోళ్లకే ఇస్తరు. డాక్టర్ సార్‌తోని షుగర్ అని రాపిచ్చుకొని రాండ్రి. అందరు గట్లనే తీస్కపోతున్రు, ఫికర్ చెయ్యకుండ్రి."

ఆ సాయంత్రమే మెట్రో స్టేషన్లో బెంచీ మీద కూర్చుని వీడియో కాల్ చేశాను. తెర మీదికి ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. "చూస్తే అంత బరువు అనిపించట్లేదండి" అన్నాడు. ఫోన్లో మొహం తప్ప ఇంకేం కనపడుతుంది. కౌంటర్లో చెప్పిన మాట ఆయనకు చెప్పాను.

"ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందాండి?"

"మా నాన్నగారికి ఉండేదండి."

"అయితే మీకూ ఉందని రాసేస్తానండి. అప్రూవల్‌కి ఇబ్బంది ఉండదు."

సరేనన్నాను. బరువెందుకు తగ్గాలో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. రైలొచ్చేలోపు చీటీ ఫోన్లోకి వచ్చేసింది.

మందు పనిచేసింది. ఫ్రిజ్‌లో ఇడ్లీపిండి గిన్నె పక్కన దానికో చోటు కుదిరింది. ఆకలి నాకు సంబంధం లేని వ్యవహారమైపోయింది. అక్క పప్పు కూడా రెండు ముద్దలకే మొహం మొత్తేది. "నా చేతివంట సహించట్లేదా నీకు" అని అక్క మొహం చిన్నబుచ్చుకుంది. ఆఫీసులో అటెండరమ్మ అడిగింది: "ఏంది మేడమ్, గిట్ల చిక్కిపోయిండ్రు? షుగర్ గిన వచ్చిందా?" మన దగ్గర మనిషి తగ్గితే మొదట అడిగేది అదే. కార్డు మీద వచ్చిందని చెప్పి నవ్వాను.

చెప్పిన బరువుకు దిగాక అక్కా నేనూ కలిసి ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ మెచ్చుకున్నారు. తర్వాత కంప్యూటర్ వైపు తిరిగారు. నా ఆపరేషన్ కూడా అదే కార్డు మీద చేయించుకుంటున్నాం కాబట్టి నా మందుల వివరాలన్నీ ఆవిడ ముందున్నాయి.

"మీకు షుగరుందని ఉంది కదమ్మా. షుగరున్నవాళ్ల కిడ్నీ మేం తీసుకోం."

"లేదండి. మందు కోసం అలా రాయించుకున్నాను. మొదట్లో మీరే లేదన్నారు."

"అప్పుడు లేదు. తర్వాత వచ్చిందని ఇక్కడుంది. ఏది నమ్మమంటారు?"

ఇప్పుడే పరీక్ష చేయండన్నాను. ఆ మందు షుగరును కూడా తగ్గిస్తుంది, వేసుకుంటుండగా పరీక్ష బాగా వచ్చినా లెక్కలోకి రాదన్నారు. మందు ఆపాలి, కొన్ని నెలలు ఆగాలి, అప్పుడు చూడాలి. "ఈలోపు బరువు మళ్లీ పెరగకూడదు" అన్నారు చివరికి. ఆవిడ మీద కోపం రాలేదు. నా మీదే వచ్చింది. వాకబు చేయకుండా తలూపింది నేనే కదా. తిరుగుదారిలో క్యాబ్‌లో అక్క కిటికీలోంచి ఫ్లైఓవర్లు చూస్తూ కూర్చుంది.

మందు ఆపాను. ఆకలి ఎక్కడికీ పోలేదు, పక్కగదిలో కూర్చుని ఉందంతే. అన్నం తిని లేచిన గంటకే మళ్లీ వేస్తుంది. యంత్రం ఎక్కాలంటే భయంగా ఉంది. పెరిగితే ఏమవుతుందో నాకు తెలుసు.

మొన్న ఆదివారం అక్క దోసకాయ పప్పు చేసింది. ఒకసారి వడ్డించింది. కంచం ఖాళీ అయ్యేసరికి అలవాటు కొద్దీ గిన్నె మూత తీసి గరిటె నిండా ముంచింది. నా కంచం మీదికి తెచ్చి ఆపింది. నాకు ఇంకా ఆకలిగానే ఉంది, వేస్తే తినేసేదాన్ని. గరిటెను మళ్లీ గిన్నెలోకే వంచి మూత పెట్టేసింది.

"చాల్లే, ఇంక లే" అంది నా వైపు చూడకుండా.

తనకు బతకాలని ఉందని అక్క ఇంతవరకూ నోరు తెరిచి అనలేదు. నేను లేచి చెయ్యి కడుక్కున్నాను.