గొలుసుల మధ్య బూడిదరంగు ముక్క

మాస్టారు పోయారని మొన్న పొద్దున జగ్గయ్యపేట నుంచి బంగారు కొట్టాయన ఫోన్ చేశారు. నిద్రలోనే పోయారట. ఆ వెంటనే, "మా మెషిన్లో ఆయన ముక్కొకటి ఉందమ్మా. తియ్యనా, ఉంచనా?" అని అడిగారు. ఏడుపులోనే నాకు నవ్వొచ్చింది.

నందిగామలో డిప్లొమా చదివేటప్పుడు ఆయన మాకు లోహాల గురించీ సిరామిక్కుల గురించీ చెప్పేవారు. పంపు లోపల తిరిగే ఇంపెల్లర్ రెక్కల్ని నీటిబుడగలు తినేస్తాయని చెప్పిన రోజు క్లాసంతా పకపకా నవ్వింది. ఆయనకేం కోపం రాలేదు. "నవ్వండి, నవ్వండి. శనివారం మా పేట రండి, చూపిస్తా" అన్నారు.

చూపించింది బంగారు కొట్లో. నగలు కడిగే మెషిన్ అంటే చిన్న నీళ్ల తొట్టి, జుయ్యిమని మోత. ఆ అదురుకు నీళ్లలో కంటికానని బుడగలు పుట్టి పగులుతుంటాయి, ఆ దెబ్బకే మురికి వదులుతుంది. నీళ్లు సరిగా అందని పంపులోనూ ఇలాంటి బుడగలే పుట్టి రెక్కల మీద పగులుతాయి. మాస్టారు పార్సిల్ కట్టే అల్యూమినియం ఫాయిల్ ముక్క తొట్టిలో వేశారు. రెండు నిమిషాల్లో జల్లెడైంది.

టీకప్పు పెంకులు, సిమెంటు ఫ్యాక్టరీలో తీసిపారేసిన సిరామిక్ బిళ్లలు ఆయన జేబులో ఎప్పుడూ గలగలలాడేవి. ఏది బుడగల దెబ్బకు తట్టుకుంటుందో చూడాలని అన్నీ ఆ తొట్టిలోకే వేసేవారు.

"మాస్టారూ, గొలుసు కొనడానికొచ్చినోళ్లు పెంకు రేటెంతని అడుగుతున్నారండీ" అని కొట్టాయన గోల.

"నీ బంగారం కంటే తక్కువ అరుగుద్దని చెప్పవయ్యా" అని ఈయన.

చదువయ్యాక నందిగామలో పంపుల రిపేరు షాపు పెట్టాను. నన్ను చూడ్డానికొచ్చిన పెళ్లివారి సంఖ్య కంటే బేరాల సంఖ్య తక్కువ. చివరికి మాస్టారి మాట మీద, ముక్త్యాల దగ్గర మిర్చి చేలకు కృష్ణ నీళ్లు తోడే పెద్ద పంపు నా చేతికొచ్చింది. రెక్కలన్నీ గుంటలు పడి ఉన్నాయి. అన్నిటికంటే గట్టి సిరామిక్ బిళ్లలు అతికిస్తానన్నాను. మాస్టారు ఒక బిళ్ల తొట్టిలో వేయించారు. సన్నని పగులు వెంట అంచు పెచ్చులూడింది.

"గట్టిగా ఉంటే చాలదమ్మా. దెబ్బ తిని ఊరుకోవడం కూడా రావాలి" అన్నారు.

సిరామిక్ పొడి కలిపిన ఎపాక్సీ జిగురు ముద్ద పూద్దామని తేల్చాం. పూశాను. మూడో వారానికి పూత ఊడొచ్చింది.

చేలు ఎండుతున్నాయి. "ఆడపిల్లకిస్తే ఇంతేనని అప్పుడే చెప్పా" అని ఒకాయన నా ముందే అన్నాడు. ఇక షాపు మూసుకోవడమే అనుకున్నాను. అప్పుడు ఆటోలోంచి దిగారు మాస్టారు. ఊడిన చోట బొటనవేలితో రాసి చూసుకున్నారు. వేలికి నూనె జిడ్డు. పూసే ముందు జిడ్డు పోయేదాకా తోమమని ఆయన నాకు రెండుసార్లు చెప్పారు. తొందరలో నేను తోమలేదు.

"తప్పు నాదండీ. జిడ్డు వదిలేదాకా తోమాలని పిల్లకి చెప్పలా" అన్నారు రైతులతో.

ఆ మాటతో అందరూ నెమ్మదించారు. ముందు నీళ్లు పీల్చే పైపు మూతికి పట్టిన నాచు తీయించి, "బుడగలు పుట్టకుండా చూసుకుంటే సగం పనైపోయినట్టే" అన్నారు. తర్వాత ప్యాంటు మడిచి, గరుకు కాగితం పట్టుకుని నా పక్కనే కూర్చున్నారు.

తిరిగొచ్చే దారిలో ఉండబట్టలేక, "మీరు చెప్పారు కదండీ, రెండుసార్లు" అన్నాను.

"నువ్వు వినలేదంటే నేను చెప్పనట్టేగా" అన్నారు.

ఆ పూత ఇప్పటికీ ఊడలేదు. నా షాపూ మూతపడలేదు. ఆయన రుణం నేనెప్పటికీ తీర్చుకోలేను.

నిన్న మాస్టారి ఇంట్లో వాళ్లను పలకరించి, బంగారు కొట్టుకు వెళ్లాను. కొట్టాయన తొట్టిలోంచి తీగబుట్ట పైకెత్తారు. అందులో చింతగింజంత బూడిదరంగు ముక్క.

"పంపుకి పూయగా మిగిలింది ఉండ చేసి తెచ్చి ఇందులో వేశారమ్మా. తీసేస్తానంటే ఒప్పుకునేవారు కాదు. 'మా అమ్మాయి పనయ్యా అది, ఎన్నేళ్లుంటదో చూద్దాం' అనేవారు."

నాకెప్పుడూ చెప్పలేదు. బొటనవేలితో రాసి చూశాను, ఆయనలాగే. నున్నగా ఉంది.

"ఉంచండి బాబాయ్ గారూ" అన్నాను.

ఇంతలో పెళ్లివారు గొలుసులు కడిగించుకోవడానికి వచ్చారు. పెళ్లికూతురు వంగి చూసి, "ఆ రాయేంటండీ?" అంది.

"అది అమ్మేది కాదమ్మా" అని కొట్టాయన గొలుసులు బుట్టలో వేసి మీట నొక్కారు. జుయ్యిమని మోత మొదలైంది. గొలుసుల్లోంచి మురికి పొగలా లేస్తుంటే, వాటి మధ్య ఆ ముక్క అలాగే కూర్చుని ఉంది.