ఇద్దరి లైటు

రావులపాలెంలో ఫిన్నీ అంటే స్కూలు గుమాస్తా అని ఎవరికీ గుర్తు రాదు. చర్చి మీద క్రిస్మస్ స్టారు వెలగకపోయినా, మైకు గుర్రుమన్నా "ఫిన్నీ గారిని పిలవండి" అంటారు. ఎక్కడా నేర్చుకున్న పని కాదు, చేసి చేసి వచ్చింది. ఆ వచ్చీరాని పనే ప్రాణం మీదికి తెచ్చింది, అదీ తన ప్రాణం కాదు.

తండ్రి పోయాక ఇల్లు పంచుకున్నారు. పైభాగం అన్న రాజ్ కుమార్‌ది, కిందిభాగం ఫిన్నీది. మీటర్లు కూడా వేరైపోయాయి. ఇక మిగిలింది మెట్ల మీద లైటు. అది ఎవరి మీటరు మీద వెలగాలని ఇద్దరి భార్యలూ మొహాలు ముడుచుకుంటే, మన ఫిన్నీ పెద్దమనిషిలా తీర్పు చెప్పాడు. మనిషి కదిలితే లైటు వెలిగించే సెన్సార్లు రెండు తెచ్చాడు. పై గుమ్మం దగ్గరిదానికి అన్న మీటరు నుంచి, గేటు దగ్గరిదానికి తన మీటరు నుంచి కరెంటు ఇచ్చి, రెండింటినీ తీసుకెళ్ళి ఒకే బల్బుకి కలిపేశాడు. ఎటునుంచి ఎవరొచ్చినా వెలుగుతుంది, ఎవరినీ ఎవరూ అనడానికి లేదు. రెండు మీటర్ల కరెంటు ఒక వైరులో కలపకూడదని ఆ బుర్రకి తట్టనే లేదు! ఇలా కలిపిన సంగతి అన్నకి చెప్పేలోగా నీళ్ళ ట్యాంకు దగ్గర మాటా మాటా పెరిగి, ఇద్దరికీ మాటల్లేకుండా పోయాయి.

మొన్న చీకటి పడుతూండగా ఫిన్నీ గేటు బయట బండి ఆపి తలెత్తాడు. మెట్ల మీద చెక్క స్టూలు వేసుకుని రాజ్ కుమార్ ఆ బల్బు హోల్డరు మార్చడానికి విప్పేసి, వైర్లు చేత్తో పట్టుకుని ఉన్నాడు. జాగ్రత్త గల మనిషే. పైన తన మెయిన్ ఆపుకునే వచ్చాడు, టెస్టరు పెట్టి చూసుకున్నాడు కూడా. అది వెలగలేదు. ఎలా వెలుగుతుంది, కింద ఎవరూ కదల్లేదు కదా!

తను చేసిన పని ఏమిటో ఫిన్నీకి అప్పుడు తట్టింది. తను గేటు దాటి ఒక్క అడుగు వేస్తే చాలు, సెన్సారు చూసేస్తుంది, కింది కరెంటు నేరుగా అన్న చేతుల్లోకి పోతుంది. తన మెయిన్ ఆపుదామంటే అది వరండాలో, సరిగ్గా సెన్సారుకి ఎదురుగా ఉంది. పోనీ కదలకుండా నిలబడదామంటే, బండి చప్పుడు వినగానే గేటు తియ్యడానికి భార్య ఆశాజ్యోతి వచ్చేస్తుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే అలవాటు.

"అన్నయ్యా, ఆ వైరు వదిలెయ్. అందులో మా కరెంటు ఉంది" అన్నాడు.

ఇన్నాళ్ళకి తమ్ముడు నోరు విప్పి అన్న మొదటి మాట అది. రాజ్ కుమార్‌కి ఒళ్ళు మండిపోయింది. ఇంత చిన్న బల్బు దగ్గర కూడా నీదీ నాదీ అంటున్నాడనుకున్నాడు. వైరు వదలకపోగా ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"మీ కరెంటు మాకేం అక్కర్లేదు. ఉండు, మొత్తం పీకి నీ మొహాన పడేస్తాను."

లోపల్నుంచి ఆశ "వస్తున్నా" అంది. చెప్పుల చప్పుడు తలుపు దగ్గరికొచ్చింది. రావద్దని అరిస్తే ఏమైందోనని ఇంకా పరిగెత్తుకొస్తుంది, ఆవిడ సంగతి ఫిన్నీకి తెలుసు. గడియ కదిలింది.

"అన్నయ్యా, ఆశ బయటికొస్తే నువ్వు చచ్చిపోతావు."

ఏడుపు గొంతుతో వచ్చిందా మాట. రాజ్ కుమార్ తమ్ముడి మొహం చూశాడు, చేతులు తీసేశాడు. తలుపు తెరుచుకుంది. వదిలేసిన వైరు ఊగుతూ వెళ్ళి మెట్ల ఇనపరైలింగుకి తగిలి ఫట్‌మని నిప్పులు రాలాయి. కింది ఇల్లంతా చీకటైపోయింది.

ఆశ గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. రాజ్ కుమార్ ఎలాగో స్టూలు దిగి మెట్టు మీద చతికిలబడ్డాడు. ఫిన్నీ పరుగున వెళ్ళి వరండాలో మెయిన్ దించి, అన్న పక్కన కూలబడి, ఆ చేతులు రెండూ పట్టుకున్నాడు. రెండు మీటర్లూ ఆ ఒక్క బల్బుకే కలిపానని వెక్కుతూ చెప్పాడు. తప్పు తనదేనన్నాడు.

"మరి ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేంట్రా?"

"మనం మాట్లాడుకోవట్లేదు కదన్నయ్యా" అన్నాడు ఫిన్నీ.