లప్పం కింద తుప్పు

మా నాయన పోయిన మరుసటి ఎండాకాలం అన్నా నేనూ ఆస్తి పంచుకున్నాం. బోరున్న చీనీతోట అన్నకు, మెట్టచేనూ నాయన జీపూ నాకు. తోట వదులుకుని జీపు తీసుకోవడమేమిటని నా భార్య గొణిగింది. నేను వినలేదు. నాలుగు చక్రాలూ లాగే బండి అది. వంకలో ఇసుకైనా, దున్నిన చేనైనా ఆగేది కాదు. అన్న దానికి కొత్తగా రంగు కూడా వేయించి తాళాలు నా చేతిలో పెట్టాడు. ఎంత మంచి మనసని ఊరంతా అనుకుంది. నేనూ అనుకున్నాను.

నాయన అందులో ఎరువుల మూటలు మోసి, ఉప్పుబోరు నీళ్లతో కడిగేవాడు. ఇనుముకు అంతకంటే చేటు లేదు. కానీ పైన అంత మెరుస్తుంటే కింద వంగి చూసేదెవరు?

శ్రావణమాసంలో ఒక శనివారం అమ్మను గండి గుడికి తీసుకెళ్తున్నాను. రోడ్డు నిండా జనం ఉన్నారని మట్టిదారి పట్టాను. ఒక గుంతలో బండి ఎగిరిపడింది. అమ్మ కేక పెట్టింది. చూస్తే ఆమె కాళ్ల కింది రేకు విరిగి, కుడికాలు మోకాలి దాకా కిందికి దిగిపోయి ఉంది. బ్రేకు వేసేలోపే పాదం నేలకు రాసుకుని మడమ చర్మం లేచిపోయింది.

పులివెందుల ఆసుపత్రికి అన్న వచ్చాడు. కట్టు వైపు చూసి, "పాతబండి గదప్పా, చూసుకోని తోలాల," అన్నాడు.

జీపును ప్రొద్దుటూరులో టింకరింగ్ షెడ్డుకు తీసుకెళ్లాను. మేస్త్రి స్క్రూడ్రైవరుతో పొడిస్తే పిడి దాకా దిగింది. రంగు గీకితే లప్పం, లప్పం కింద గోనెపట్ట, దాని కింద గుప్పిళ్లకొద్దీ ఎర్రటి పొడి.

"తుప్పు కనపడకుండా ఎవురో తెలిసే కప్పినారన్నా," అన్నాడు మేస్త్రి.

నేరుగా తోటకు వెళ్లాను. అన్న చీనీచెట్లకు నీళ్లు పారిస్తున్నాడు.

"తెలిసే ఇచ్చినావా అన్నా?"

"జీపు కావాలని నువ్వే గదా పట్టుబడితివి. ఇనుమన్నాక తుప్పు పట్టదా?" అన్నాడు, పార వదలకుండానే.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నాకు తెల్సు నాయనా. మీయన్న లప్పం పెట్టిస్తాంటే నేను ఆడనే ఉంటి."

"మరి దాంట్లో ఎట్లెక్కితివి మా?"

"ఎక్కనంటే నీకు అనుమానం రాదా? మీరిద్దరూ కొట్టుకుంటారని భయం."

అదే బండిలో నా భార్య పిల్లలతో ఎన్నిసార్లు జమ్మలమడుగులో పుట్టింటికి పోయొచ్చిందో!

"పిల్లోళ్లు కూర్చుంటాండిరి గదా మా, నాకొక్క మాట చెప్పలేకపోతివా?" అన్నాను.

అమ్మ గోడ వైపుకు తిరిగి పడుకుంది.

కుళ్లిన రేకంతా కోయించి, కొత్త రేకు అతికించి, తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూయించాను. అయినా వాన పడితే చాలు, అతుకుల పక్కన మళ్లీ తుప్పు పొడుస్తోంది. గీకుతున్నాను, పూస్తున్నాను. అమ్మ కాలు ఈడుస్తూ నడుస్తుంది. తోటకు పోవాలంటే అన్న కారు వస్తుంది. నా జీపు ఎక్కమని నేను అడగను, ఆమే ఎక్కుతాననదు.

మేం ముగ్గురం ఇప్పటికీ మాట్లాడుకుంటూనే ఉన్నాం, వానల గురించి, చీనీకాయల కాపు గురించి.