మూడు షిఫ్టుల ఇల్లు

టాటానగర్ బర్మామైన్స్‌లో బంగార్రాజు కూతురి ఒంటి మీదికి అమ్మోరు వచ్చిందట. పుట్టిన దగ్గర్నుంచీ గట్టిగా ఒక్క మాట అనని పిల్ల, నెత్తిన ఘటం పెట్టుకుని, డప్పులు ఆగిపోయేలా అరిచిందట. కళ్లు నిప్పుల్లా ఉన్నాయట. ఘటంలోంచి ఒక్క చుక్క తొణకలేదట. ఏళ్ల తరబడి చెవుడున్న ముసలమ్మకు ఆ కేకతో చెవులు తెరుచుకున్నాయట. ఈ కథ పర్సుడీహ్ బజారుకు చేరేసరికి ఇంకొంచెం ఒళ్లు చేసింది. వంకాయలు బేరమాడుతున్న ఆడవాళ్ల నోట, ఆ పిల్ల వేలు చూపించగానే వాళ్ల మావయ్య కాంట్రాక్టు ఉద్యోగం పర్మినెంటు అయిపోయిందని కూడా చేరింది.

మావయ్య ఉద్యోగం పర్మినెంటు కాలేదు. ఘటంలో నీళ్లు బాగానే తొణికాయి. శైలజకున్న ఒకే ఒక్క మంచి జాకెట్టు భుజం మీద పసుపు మరక ఎంత ఉతికినా పోలేదు. ముసలమ్మ చెవుడు ఎప్పటిలాగే ఉంది.

శైలజకు ఇరవై ఏళ్లు. ఆ ఇంట్లో మగవాళ్లు ముగ్గురు. తండ్రి బంగార్రాజు టాటానగర్ స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. మేనమామ సూర్యం ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. అన్న జయప్రకాష్, అందరూ జేపీ అంటారు, ఒక గోడౌన్లో సెక్యూరిటీ గార్డు. ముగ్గురివీ షిఫ్టు డ్యూటీలే. పొద్దున్న వెళ్లేది ఏ షిఫ్టు, మధ్యాహ్నం వెళ్లేది బీ, రాత్రి వెళ్లేది సీ. వారం తిరగ్గానే ఎవరి షిఫ్టు వాళ్లకు మారుతుంది, కానీ ముగ్గురూ ఒక్కసారి ఇంట్లో మేలుకుని ఉండే వారం మాత్రం రాదు. ఏ వేళప్పుడు చూసినా ఆ రెండు గదుల్లో ఎవరో ఒకరు మొహం మీద తువ్వాలు కప్పుకుని నిద్రపోతుంటారు.

అందుకని ఆ ఇంట్లో మాటలన్నీ గుసగుసలే. కుక్కరు కూత వేస్తుందని అన్నం గిన్నెలో వండి గంజి వార్చాలి. స్టీలు కంచం చేజారితే అదొక నేరం. మిక్సీ సొంతింట్లో తిరగదు. పచ్చడి నూరాలంటే గిన్నె పట్టుకుని పక్కింటి భద్రమ్మ దగ్గరకు పోవాలి. ఆ పచ్చడి నలిగేలోపు భద్రమ్మ ఈ ఇంటి సంగతులన్నీ పిండుకుంటుంది. టీవీ ఉంది, కానీ సౌండుండదు. శైలజ ఎన్నో సీరియళ్లు బొమ్మల్లోనే చూసింది. అత్త నోరు తెరిస్తే ఏం తిట్టి ఉంటుందో తనే అల్లుకునేది. తర్వాత ఎప్పుడో భద్రమ్మ ఇంట్లో సౌండుతో చూస్తే, తను అల్లుకున్న తిట్లే మేలనిపించింది.

బళ్లోనూ అంతే. టీచరు లేపి ప్రశ్న అడిగితే జవాబు తెలిసే ఉండేది. చెప్పేది కూడా. ఆ చెప్పడం ముందు బెంచీ దాకా కూడా వెళ్లేది కాదు. పిల్లలు గూంగీ, అంటే మూగది, అని పేరు పెట్టారు. తొమ్మిదో క్లాసులో ఉండగా అమ్మ పోయింది. ఏ షిఫ్టు క్యారేజీ తెల్లారకముందే కట్టాలి, సీ షిఫ్టు నుంచి వచ్చినవాడికి ఎనిమిదింటికి వేడన్నం పెట్టాలి, బీ షిఫ్టుకు వెళ్లేవాడికి పన్నెండున్నరకల్లా వడ్డించాలి. వీటి మధ్యలో బడి ఎక్కడా ఇమడలేదు. మానెయ్యమని ఎవరూ అనలేదు. వెళ్లమనీ అనలేదు. అదే ఆమెకు ఇప్పటికీ ఒళ్లుమండే సంగతి. కనీసం ఒకరెవరైనా కూర్చుని వద్దని చెప్పి ఉంటే, వాళ్ల మీద కోపం పెట్టుకోవచ్చు.

నాయనమ్మ జోగమ్మది ఇంకో బాధ. ఆవిడకు చెవుడు. అరిస్తే తప్ప వినపడదు, ఇంట్లో అరవడానికి వీల్లేదు. అందుకని శైలజ ఆవిడతో చేతులతోనే మాట్లాడుతుంది. మనవరాలి గొంతు ఎలా ఉంటుందో ఆ ముసలావిడకు తెలియనే తెలియదు.

ఇంట్లో కుట్టు మిషను కూడా ఉంది, అమ్మది. దాని చప్పుడు సంగతి చెప్పక్కర్లేదు. శైలజ చీరలకు ఫాల్స్ చేత్తోనే కుడుతుంది. బిష్టుపూర్‌లో ఒక బెంగాలీ ఆవిడ బట్టల షాపు నుంచి ఆ చీరలు తెచ్చుకుంటుంది. ఒకరోజు కుట్టినవి తిరిగిచ్చేటప్పుడు, షాపులో ఒక తెలుగు ముసలావిడ మనవరాలికి గౌను కొనడానికి హిందీ రాక తంటాలు పడుతుంటే శైలజ మెల్లగా రెండు ముక్కలు హిందీలో చెప్పింది. బేరం కుదిరింది. షాపావిడ అది చూసి, రోజూ వచ్చి కౌంటరులో నిలబడమంది. పొద్దున్న పదింటి నుంచి సాయంత్రం దాకా. "లేకిన్ థోడా జోర్ సే బోల్‌నా హోగా" అని, కొంచెం గట్టిగా మాట్లాడాలని నవ్వి, తెలుగువాళ్ల అమ్మోరి పండగ వెళ్లిన సోమవారం రాకపోతే ఇంకో అమ్మాయిని పెట్టుకుంటానని చెప్పింది.

అప్పట్నుంచి శైలజ అడుగుతూనే ఉంది.

నాన్న రాత్రి డ్యూటీకి బూట్లు తొడుక్కుంటుంటే అడిగింది. లోపల సూర్యం నిద్రపోతున్నాడు.

"మీ మావయ్యనడుగు" అన్నాడు బంగార్రాజు, ఆయనా గుసగుసగానే. "ఆడికి నచ్చకపోతే గోలైపోద్ది. నాకేటి, నాకు అబ్యంతరం నేదు."

మావయ్య లేచాక అడిగింది. అప్పటికి జేపీ నిద్రపోతున్నాడు.

"నేనేటి సెప్తానే? పరాయింట్లో పడున్నోడిని" అన్నాడు సూర్యం. ఆయన ఆ ఇంట్లో ఉండబట్టి పదేళ్లు దాటింది. పీటల మీద చేప ముక్క పెద్దది ఎవరికి పడాలన్నప్పుడు అది సొంతిల్లే, ఏదైనా నిర్ణయం చెయ్యాలన్నప్పుడు పరాయిల్లు. "మీ అన్న పెద్దోడయ్యాడు కదా, ఆడినడుగు. అయినా నువ్వెల్పోతే వంటెవులు సేత్తారు?"

జేపీ ఫోనులోంచి తల ఎత్తకుండా అన్నాడు. "పాపా సే పూఛ్ నా. ముఝే క్యా." నాన్ననే అడగమని. వెంటనే, "ఖానా హో గయా?" అని వంట సంగతి అడిగాడు.

మళ్లీ నాన్న. మళ్లీ మావయ్య. మళ్లీ అన్న. ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టి అడుగుదామంటే, ముగ్గురూ ఒకచోట మేలుకోరు. ఒకడి జవాబు ఎప్పుడూ నిద్రపోతున్న ఇంకొకడి దగ్గర ఉంటుంది. తను గోడకున్న ఉత్తరాల డబ్బా అయినా బాగుండేది, కనీసం రోజుకొకసారి తెరుస్తారు అనుకుంది శైలజ.

పండగ ఆదివారం వచ్చింది. ఆ ఇళ్ల లైన్లో తెలుగువాళ్లంతా ఏటా అమ్మవారికి ఘటం ఎత్తుతారు. ఏడాదికో ఇల్లు. ఈసారి వంతు బంగార్రాజు ఇంటిది. జోగమ్మ నెల ముందే ముగ్గురినీ, ఎవరు మేలుకున్నప్పుడు వాళ్లని పట్టుకుని చెప్పేసింది. చెవుడున్నవాళ్లు చెప్పినట్టు, వీధంతా వినేలా.

"ఇంటి మగోలంతా ఉండాల! ఒక్కడు తక్కువైనా అమ్మోరు ఊరుకోదు! డ్యూటీ గీటీ నాకు సెప్పకండి!"

అమ్మోరి పేరు చెప్పగానే ముగ్గురికీ సెలవులు దొరికాయి. శైలజ అడిగినప్పుడు వాళ్ల నోట్లో ఒక్క మాట కూడా దొరకలేదు.

మధ్యాహ్నం వాకిట్లో డప్పులు మొదలయ్యాయి. పెళ్లికాని ఆడపిల్ల కనుక ఘటం శైలజే మొయ్యాలి. పొద్దున్నుంచి ఉపవాసం. ఆ ఉపవాసంతోనే వచ్చిన చుట్టాలందరికీ వండింది కూడా. జోగమ్మ ఆమె నెత్తి మీద చుట్టకుదురు పెట్టి, వేపమండలు గుచ్చిన ఇత్తడి ఘటం ఎత్తింది. నిండా పసుపునీళ్లు. మెడ నరాలు లాగేశాయి.

అప్పుడు చూసింది. ఎదురుగా నాన్న, కర్పూరం పళ్లెంతో. పక్కన మావయ్య, కొబ్బరికాయతో. గుమ్మానికి చేరబడి అన్న, ఫోనుతో వీడియో తీస్తూ. ముగ్గురూ. ఒకే చోట. కళ్లు తెరుచుకుని.

"నాన్నా, రేపే సోమవారం" అంది శైలజ. అలవాటుగా గుసగుసగా.

"ఏటీ?" అన్నాడు బంగార్రాజు.

"ఏటంతంది?" అన్నాడు సూర్యం.

"క్యా బోల్ రహీ హై?" అన్నాడు జేపీ.

డప్పుల హోరులో ఎవరికీ ఏమీ వినపడలేదు. సూర్యం దగ్గరికి వచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి, తనకు వినపడకపోయినా ఆమెకు వినపడాలన్నట్టు చెప్పాడు. "శైలూ, గటం దించేసేక కూసింత సారు ఎట్టేత్తావా? రేపు నాకు ఏ షిఫ్టు."

నెత్తి మీద బిందెడు నీళ్లు. కడుపులో చుక్క నీరు లేదు. చారు పెట్టాలట.

"నా మాట ఎవులింటారు ఈ కొంపలో!"

ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో శైలజకే తెలియలేదు. అచ్చం అమ్మ గొంతులా ఉంది. డప్పుల అప్పన్న చేతిలో పుల్ల ఆగిపోయింది. మిగతావాళ్లూ ఆపేశారు. ఆపకపోయినా ఆమె ఆగేది కాదు.

"ఎన్నాళ్లు పడుండాల నేను? మీ ముగ్గురికీ సేసి సేసి నా సేతులరిగిపోయేయి! నాకేటి కావాలో ఒక్కడడిగేడా? ఒక్కడు?"

ఘటంలో నీళ్లు తొణికి భుజం మీద పడ్డాయి. భద్రమ్మ రెండు చేతులూ ఎత్తేసింది.

"ఓలమ్మో! అమ్మోరొచ్చింది! అమ్మోరొచ్చింది!"

"అమ్మోరు కాదు! నేనే!" అని అరిచింది శైలజ.

"మొదట అలాగే అంతాది" అంది భద్రమ్మ, పదిమంది అమ్మోర్లను పెంచినంత అనుభవంతో. "ఎప్పుడూ ఒప్పుకోదు."

జోగమ్మ చెవి తడుముకుంది. "నాకినబడిందిరా! ఈ గుంట మాట నాకెప్పుడైనా ఇనబడిందా? అమ్మోరు కాకపోతే నాకెలాగినబడతాది?"

"ఇంకోటి సూడండి" అన్నాడు అప్పన్న. "ఈ పాప వీధిలో ఎప్పుడూ హిందీలో కదా గొణుగుతాది. ఇప్పుడు తెలుగులో మాటాడింది. అమ్మోరికి హిందీ రాదు."

దానితో ఇక అనుమానం లేకపోయింది. ఎవరో ఆమె కాళ్ల మీద పసుపునీళ్లు గుమ్మరించారు. ఎవరో ముక్కు కిందే కర్పూరం వెలిగించారు. దగ్గొచ్చి ఊగితే, ఊగుతోందన్నారు. విసుగుతో పళ్లు కొరికితే, ఆగ్రహమన్నారు. సూర్యం కొబ్బరికాయతో సహా కాళ్ల మీద పడిపోయాడు.

"తల్లీ, తప్పైపోయింది! ఏటి కావాలో సెప్పు! మేకపోతునిమ్మంతావా?"

"మేకపోతు నాకెందుకు? బిష్టుపూర్ షాపులో పని కావాల! రేపట్నించి!"

భద్రమ్మ నోరు తెరిచింది. "అమ్మోరికి షాపులో పనేటే?"

"అమ్మోరిష్టం" అన్నాడు అప్పన్న గద్దించి. "అడగడానికి మనమెవులం?"

"మరి అన్నం?" అన్నాడు జేపీ. చిన్నప్పటి తర్వాత అన్న నోటి నుంచి తెలుగు శైలజ వినడం అదే మొదటిసారి.

"మీరే వండుకోండి!"

బంగార్రాజు హారతి కళ్లకద్దుకున్నాడు. "అలాగే తల్లీ. నీ మాటే మా మాట."

అంతే. అన్నాళ్లుగా ఇంటి నిండా తిరిగి తిరిగి అలిసిపోయిన ఆ ఒక్క మాటకు నిమిషంలో జవాబొచ్చింది. ఆ జవాబు అమ్మోరికి, ఆమెకు మాత్రం కాదు. ఏడుపొచ్చింది. అమ్మోరు శాంతించిందన్నారు.

సోమవారం పొద్దున్న సూర్యం డ్యూటీకి వెళ్లిపోయాడు. పెరట్లో బంగార్రాజు గంజి వారుస్తూ వేళ్లు కాల్చుకుంటున్నాడు. శైలజ జడ వేసుకుని, చున్నీ సర్దుకుని వచ్చి పక్కన నిలబడింది. రాత్రంతా ఆలోచించింది. అబద్ధం మీద ఆ గడప దాటడం ఆమెకిష్టం లేదు. నిజం చెబితే ఇచ్చింది వెనక్కి తీసుకుంటారేమోనన్న భయమూ ఉంది.

"నాన్నా" అంది. "నిన్న వచ్చింది అమ్మోరు కాదు. నేనే."

బంగార్రాజు గిన్నె మూత సవరించాడు. ఆమె వైపు చూడలేదు.

"ఎవులు కాదన్నారు? మీ అమ్మ కూడా అచ్చం అలాగే అరిసేది." వేళ్లు ఊదుకున్నాడు. "మీ మావ అమ్మోరనుకుని కాళ్ల మీద పడ్డాడు. నువ్వనుకుంటే పడేవోడా?"

శైలజకు ఒక్కసారి ఒళ్లంతా భగ్గుమంది. "అయితే నీకు తెల్సు! మరి నేనడిగినప్పుడే నువ్వెందుకు—"

"ఉష్" అన్నాడు బంగార్రాజు, గది వైపు చూపిస్తూ. "మెల్లగా. అన్న తొంగున్నాడు."

ఆమె తండ్రి మొహంలోకి చూసింది. సంచీ భుజానికి తగిలించుకుని వీధి తలుపు లాగింది. మామూలుగా గొళ్లెం చప్పుడు కాకుండా వేళ్లతో పట్టుకుని వెయ్యడం అలవాటు. ఆ రోజు వదిలేసింది. అది ధడేలుమంది. గదిలోంచి జేపీ ఏదో అరిచాడు. శైలజ ఆటో ఎక్కేసింది.

షాపావిడ మొదటి రోజు నాలుగైదుసార్లు "జోర్ సే" అంది. తర్వాత అనక్కర్లేకపోయింది, ఎందుకంటే మూడో రోజుకల్లా భద్రమ్మ లైన్లోని ఆడవాళ్లను వెంటేసుకుని దిగింది. నైటీలు చూస్తున్నట్టే చూస్తూ, కౌంటరు మీదికి వంగి అడిగింది.

"తల్లీ, మా వోడికి రైల్వేలో వత్తాదా?"

"సైజేటి?" అంది శైలజ.

"అది కాదమ్మా, ఉద్యోగం..."

"ఎక్సెల్లా, డబులెక్సెల్లా?" షాపంతా వినేలా అంది.

ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. డబులెక్సెల్ అంటే రెండు ఏళ్లలో వస్తుందని భద్రమ్మ తేల్చింది. రెండు నైటీలు కొనుక్కుని కళ్లకద్దుకుని వెళ్లారు. షాపావిడ మహా సంతోషించింది. శైలజ తల పట్టుకుంది.

ఇంట్లో అన్నం రోజూ మాడుతోంది. సూర్యం నోరెత్తడు, అమ్మోరి మాట. జేపీ గుడ్లు ఉడకబెట్టడం నేర్చుకున్నాడు. పండగ కథ మాత్రం బజారులో ఇంకా పెరుగుతూనే ఉంది. ఆ కథలో ఎర్రటి కళ్లున్నాయి, తొణకని ఘటముంది, మూగపిల్లకు వచ్చిన మాట ఉంది, చెవిటి ముసలమ్మకు తెరుచుకున్న చెవులున్నాయి.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో ఎవరూ నిద్రపోవడం లేదన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.