తాళాలాయన ఇంటి తాళం

మా కుట్టుమిషన్ల రిపేరు కొట్టు పక్కనే తాళాలాయన కొట్టు. దొంగలు పడిన ఏ ఇంటికి వెళ్లినా, విరిగిన తాళం చూసి, "ఇదీ ఒక తాళమేనా? చిటికెన వేలితో తీయొచ్చు" అని ఇంటివాళ్లకు తలంటేవాడు. ఎదుటివాళ్లకు చెప్పడంలో ఆయన్ని మించినవాడు లేడు.

ఒక మధ్యాహ్నం ఆయన ఇంట్లోకే ఇద్దరు హెల్మెట్లు పెట్టుకుని దూరారు. తలుపు మూస్తే దానంతటదే పడే తాళం అది. గట్టిదని మొగుడు చెప్పిన ధీమాతో ఆయన భార్య లోపల గడియ వేసుకోలేదు. ఆమె చేతులు కట్టి, నోట్లో గుడ్డ కుక్కి, బీరువా ఊడ్చుకుపోయారు. తలుపు మీద గీత కూడా పడలేదు.

అంటే తాళంచెవితోనే వచ్చారన్నారు పోలీసులు. మొగుడూ పెళ్లాలు కాక, తాళంచెవి ఉన్నది ఆమె తమ్ముడి దగ్గరే. ఆటో నడుపుకునే అతణ్ణి స్టేషనుకు లాక్కుపోయారు.

"నా తమ్ముడు నా నోట్లో గుడ్డ కుక్కిస్తాడా?" అని ఆమె ఏడుస్తుంటే తాళాలాయన నోరు మెదపలేదు. మర్నాడు కొట్టుకొచ్చి నా దగ్గర కక్కేశాడు.

"మా తలుపుది కొత్త తాళం కాదు. ఒకింట్లో అద్దెవాడు తాళంచెవి ఇవ్వకుండా పోయాడని నాచేత తాళం మార్పించారు. పాతది మంచి సరుకు, పారేయబుద్ధి కాక మా ఇంటికి బిగించా. లోపలి పిన్నులు మారిస్తే పాత తాళంచెవి పనిచేయదు. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అని రెండేళ్లు గడిపేశా."

"అది మీ తలుపుకుందని ఆ అద్దెవాడికెలా తెలుసు?"

"నేనే చెప్పా. పోయిన నెల సూట్‌కేసు బాగుచేయించుకోడానికొచ్చాడు. మీ పాతింటి తాళం మా ఇంటికే ఉంది, ఏనుగొచ్చి తోసినా కదలదని గొప్పలు పోయా."

నాకు ఒళ్లు మండింది. "అక్కడ నీ బావమరిదిని కుళ్లబొడుస్తుంటే ఇక్కడ కూర్చున్నావా?"

"ఇది బయటపడితే ఇంకెవరైనా నాచేత తాళం వేయించుకుంటారా?"

"నీ కొట్టు తగలెయ్య! ముందు లే!"

అప్పటికీ సాయంత్రం దాకా నాన్చి వెళ్లి చెప్పాడు. రెండు రోజుల్లో అద్దెవాడు దొరికాడు. సగం నగలూ దొరికాయి. తమ్ముడు చేతికి కట్టుతో ఇంటికొచ్చాడు.

ఊళ్లోవాళ్లు పది రోజులు నవ్వుకుని, తిరిగి ఆయన దగ్గరికే వచ్చారు. కొట్టుకు ఏ లోటూ రాలేదు.

భార్య మాత్రం పోట్లాడలేదు. బజారు అవతల నుంచి ఇంకొకణ్ణి పిలిపించి కొత్త తాళం వేయించింది. ఈయన పక్కన నిలబడి చూశాడు. దానికి రెండు తాళంచెవులొచ్చాయి. ఒకటి తను ఉంచుకుని, రెండోది తమ్ముడికిచ్చింది.

ఇప్పుడు రోజూ కొట్టు కట్టేసి వెళ్లి తన తలుపు తానే తడతాడు. "ఎవరు?" అంటుంది ఆమె లోపల్నుంచి. నేనేనని చెప్పినా, కాసేపు ఆగి గానీ తీయదట.